ఇరుపక్షాల నిరంజనం

తటవర్తి నిరంజనం ఏ సంగతినైనా రెండు వైపుల నుంచీ చూడగలడు. అది గొప్ప గుణమని చిన్నప్పుడు బళ్ళో మాస్టార్లు మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఎంత ఖరీదైనదో అతనికి పెద్దయ్యాక తెలిసింది. పొద్దున్నే టిఫిన్ దగ్గర పెసరట్టా, ఇడ్లీయా అన్నది తేలక, చివరికి ఇడ్లీ తప్ప ఇంకేమీ దొరకని హోటలు ఒకటి వెతుక్కుని అక్కడికి మారిపోయాడు. పెళ్ళి విషయంలో అలాంటి హోటలు దొరకలేదు కాబట్టి ఒంటరిగా ఉండిపోయాడు.

కాకినాడలో ఆటుపోట్ల నమోదు కేంద్రం అని ఒక సంస్థ ఉంది. సముద్రం ఎప్పుడు ఎంత పొంగిందో, ఎంత వెనక్కి తీసిందో రాసిపెట్టడం దాని పని. అందులో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం నిరంజనానిది. వెనకవైపు, ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పు పట్టిన చిన్న గది ఇచ్చారు. మధ్యాహ్నం భోజనం కాగానే అతను తలుపు గడియ వేసుకుని కుర్చీలో వెనక్కి వాలి, ఏదో ఒక విషయం తీసుకుని తనలో తాను వాదించుకునేవాడు. ఎవరూ గెలిచేవాళ్ళు కాదు. గెలవకపోవడంలోనే ఆ సుఖమంతా ఉంది. ఆ గంట అతని బతుకులో సొంత ఆస్తి. దాని కోసమే మిగతా రోజంతా ఉద్యోగం చేసేవాడు.

ఇలా ఉండగా పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. కేంద్రంలో కంప్యూటర్లన్నీ లినక్స్ మీద నడుస్తాయి. లినక్స్ ఎవరి సొత్తూ కాదు. దాన్ని లోకంలో రకరకాల వాళ్ళు రకరకాలుగా కూర్చి, ఒక్కో కూర్పుకి ఒక్కో పేరు పెట్టి ఊరికే పంచిపెడతారు. ఆ కూర్పునే డిస్ట్రిబ్యూషన్ అంటారు. ఇక్కడున్నది పెల్మార్ అనే డిస్ట్రిబ్యూషన్. నెమ్మదైనది. ఏళ్ళ తరబడి మారదు, చెడదు. పైవాళ్ళలో ఒకాయన ఏదో సదస్సుకు వెళ్ళి, అక్కడ క్విస్టా అనే మరో డిస్ట్రిబ్యూషన్ గురించి విని, ఆ ఉత్సాహం చల్లారకముందే సంతకం పెట్టేశాడు. క్విస్టా రోజూ కొత్తగా ఉంటుందట. "క్విస్టాకు మారుట వాంఛనీయము. సంబంధిత అధికారి అభిప్రాయము తీసుకొని కేంద్రములు తగు నిర్ణయము గైకొనవలెను" అని ఉంది అందులో.

సంబంధిత అధికారి అంటే నిరంజనమే. అతను వారం పాటు కూర్చుని అభిప్రాయం రాశాడు. నిజానికి ఇంట్లో తన సొంత లాప్‌టాప్‌లో పెల్మార్ నుంచి క్విస్టాకీ, క్విస్టా నుంచి మళ్ళీ పెల్మార్‌కీ ఎన్నిసార్లు మారాడో అతనికే లెక్క లేదు. మారిన ప్రతిసారీ రెండు మూడు రోజులు కొత్త మనిషైనట్టు ఉండేది. ఆ తర్వాత తెర మీద రంగులు కొత్తవే కానీ, వాటిని చూస్తున్న వాడు పాతవాడేనని తెలిసిపోయేది. ఆ అనుభవం ఆఫీసు కాగితంలో రాయకూడదు కాబట్టి, మారాల్సిన కారణాలు కొన్ని, మారకూడని కారణాలు సరిగ్గా అన్నే రాసి ఇచ్చాడు.

డైరెక్టర్ హైమావతి కబురు చేసింది.

"నిరంజనం గారూ, నేనడిగిందేంటి, మీరు రాసిందేంటి? మారాలా, వద్దా? ఒక్క ముక్క చెప్పండి."

"ఒక్క ముక్కలో చెప్పాలంటే మేడమ్, మారచ్చు. మారకపోయినా పరవాలేదు."

"అవి రెండు ముక్కలు."

నిరంజనం ఆలోచించాడు. ఆవిడ అన్నదాంట్లోనూ నిజముంది.

"పోనీ మీరే తేల్చేయండి మేడమ్."

"నేను తేల్చానంటే రేపు ఆడిట్ వాళ్ళు నన్నడుగుతారు. ఎవరూ తేల్చని విషయానికి మన దగ్గర పద్ధతి ఉందిగా. విచారణ వేద్దాం."

ఆ పద్ధతి గురించి కొంచెం చెప్పాలి. ఒకప్పుడు కేంద్రంలో ఆటుపోట్లు కొలిచే ఇత్తడి యంత్రం ఒకటి ఉండేది. పాతదైందని పాతసామాన్ల వాడికి ఇచ్చేశారు. దాని మీద ఆడిట్ అభ్యంతరం వచ్చింది. ఎవరినడిగి ఇచ్చారన్న ప్రశ్నకు జవాబు లేక అప్పటి డైరెక్టర్‌కి ఇంక్రిమెంట్లు పోయాయి. ఆ దెబ్బతో కేంద్రంలో ఒక నియమం పుట్టింది: ఏ వస్తువునైనా దాని పక్షం వినకుండా తొలగించరాదు. అప్పటినుంచి విరిగిన బల్లకైనా, ఓటి బిందెకైనా దాని తరఫున మాట్లాడే అధికారి ఒకరు, దానికి బదులు వచ్చే వస్తువు తరఫున ఒకరు, ఇద్దరి మాటా వినడానికి విచారణాధికారి ఒకరు ఉంటారు. అకౌంట్స్ సెక్షన్‌లో తిరగని ఫ్యాను తరఫున దాని కింద కూర్చునే గుమస్తా కన్నీళ్ళు పెట్టుకుని మరీ వాదించాడు. ఫ్యాను గెలిచింది. ఇప్పటికీ అక్కడే ఉంది, తిరగదు. గుమస్తా పక్కనే విసనకర్ర పెట్టుకుని పని చేసుకుంటాడు.

"పెల్మార్ తరఫున మీరుండండి," అంది హైమావతి. "అన్నాళ్ళు వాడారు, మీకే తెలుసు."

"అలాగే మేడమ్. మరి క్విస్టా తరఫున?"

ఆవిడ కేంద్రంలోని పేర్లన్నీ మనసులో తిరగేసింది. లినక్స్ తెలిసినవాడు ఇంకొకడు లేడు.

"దానికీ మీరే."

"ఇద్దరూ నేనైతే ఎలా మేడమ్?"

"మీరు రాసిచ్చిన అభిప్రాయం చూశాక, ఇద్దరు లేరని ఎవరంటారండీ?"

విచారణాధికారిగా పిల్లారిశెట్టి గోపాలస్వామి వచ్చాడు. రిటైరైన పెద్ద అధికారి. కాకినాడ ఉక్కపోతలో కూడా కోటు విప్పడు. బల్ల మీద ఒక చిన్న గంట పెట్టుకుని, మాట మొదలుపెట్టేటప్పుడూ ముగించేటప్పుడూ దాన్ని మోగిస్తాడు. రాగానే ఒక మాట స్పష్టం చేశాడు.

"నాకు కంప్యూటర్ అనగా ఏమియో తెలియదు. నిష్పక్షపాతముగా ఉండుటకు అంతకంటె అర్హత లేదు. కావున ఈ విషయమును నేను తేల్చను. ఇరుపక్షములలో ఒకరు ఓటమిని అంగీకరించు వరకు విచారణ సాగును."

ఆయన ఎదురుగా అటొక కుర్చీ, ఇటొక కుర్చీ వేశారు. నిరంజనం దగ్గరగా ఉన్న దాంట్లో కూర్చున్నాడు.

గంట మోగింది. "పెల్మార్ తరఫు అధికారి హాజరా?"

"హాజరండి."

"క్విస్టా తరఫు అధికారి?"

"హాజరండి."

గోపాలస్వామి కళ్ళద్దాల మీంచి చూశాడు. "సదరు జవాబు పెల్మార్ కుర్చీలోనుంచి వచ్చినది. ఎదుటి కుర్చీ ఖాళీగా కనబడుచున్నది. గైరుహాజరు వేయమందురా?"

నిరంజనం లేచి వెళ్ళి రెండో కుర్చీలో కూర్చుని, "హాజరండి," అన్నాడు.

"ఆలస్యముగా వచ్చుట గమనించడమైనది."

మొదట్లో అతనికి ఇదంతా ఉత్త తతంగంలా తోచింది. క్విస్టా కుర్చీలో కూర్చుని, పెల్మార్‌లో ఏళ్ళ తరబడి కొత్తదేదీ రాలేదన్నాడు. లేచి ఇటు వచ్చి, రాకపోతే రాలేదు, చెడింది మాత్రం లేదుగా అన్నాడు. మళ్ళీ అటు వెళ్ళాడు. చెడకపోవడం గుణం కాదండీ, భయం అన్నాడు. అనేసి తానే ఉలిక్కిపడ్డాడు. ఆ మాట ముందుగా అనుకున్నది కాదు. ఆ కుర్చీలో కూర్చున్నాక వచ్చింది.

సాయంత్రానికి ఇంకో సంగతి గమనించాడు. పెల్మార్ కుర్చీలో కూర్చుంటే చేతులు వాటంతటవే ఒళ్ళో ముడుచుకుంటున్నాయి, గొంతు తగ్గుతోంది. క్విస్టా కుర్చీలో కాలు మీద కాలు పడుతోంది, పాదం ఊగుతోంది. జీవితంలో ఎప్పుడూ అతను పాదం ఊపి ఎరగడు. ఊపుతున్నవాడెవడా అని ఇటు కుర్చీలోంచి చూస్తే అటు ఎవరూ లేరు. అయినా వాడి మీద కోపం వచ్చింది.

రెండో రోజు చిక్కు వచ్చి పడింది. పెల్మార్ తరఫున అతను ఒక కొత్త వాదన తీశాడు. కంప్యూటర్ రోజూ మారుతూ ఉంటే నిన్నటి కొలతనూ ఇవాళ్టి కొలతనూ పోల్చేదెలా అన్నాడు. అటు కుర్చీలోకి వెళ్ళగానే తడుముకోకుండా జవాబిచ్చాడు. సముద్రం రోజూ మారుతూనే ఉంది, దాన్ని కొలవడం మానామా అన్నాడు.

గోపాలస్వామి గంట కొట్టాడు.

"ఆగుడు. ఎదుటి పక్షము వారు ఈ వాదనను ఇప్పుడే తెచ్చిరి. దానికి జవాబు తమ వద్ద ముందే సిద్ధముగా నున్నది. వారి ఆంతర్యము తమకెట్లు తెలిసెను?"

"తెలుస్తుందండీ..."

"మీరిరువురు విచారణ బయట కలుసుకొనుచున్నారా?"

"కలుసుకోవడమంటే... మేం ఎప్పుడూ కలిసే ఉంటామండీ."

"కలిసియే ఉందురు!" గోపాలస్వామి ఆ మాట రాసుకుని కింద గట్టిగా గీత గీశాడు. "ఎచ్చట?"

"నా గదిలోనండీ. మధ్యాహ్నం భోజనాలయ్యాక."

"తలుపు వేసికొనియా?"

"ఆయ్, గడియ వేసుకునేనండీ."

మర్నాడు పొద్దున్నే ఉత్తర్వు వెలువడింది. "ఇరుపక్షముల అధికారులు పరస్పరము కుమ్మక్కగుచున్నట్లు వారి నోటి మాట వలననే రుజువగుచున్నందున, విచారణ ముగియు వరకు సదరు ఇరువురును మూడవ వ్యక్తి సమక్షమున తప్ప కలుసుకొనరాదు. ఏకాంతము నిషిద్ధము."

మూడో వ్యక్తిగా అటెండర్ నూకరత్నాన్ని వేశారు. ఆవిడ స్టూలు తెచ్చి నిరంజనం గది మధ్యలో వేసుకుని, తలుపు బార్లా తెరిచిపెట్టి కూర్చుంది.

ఇంటి దగ్గర సంగతేమిటని నిరంజనం భయపడుతూ అడిగాడు. అక్కడ ఒంటరిగానే కదా ఉంటాడు. డైరెక్టర్ హైమావతి దానికీ దారి చూపించింది. "ఇంటికెళ్ళాక మీరు ప్రైవేటు మనిషి. ప్రైవేటు మనిషికి ఈ విచారణతో సంబంధం లేదు. కాబట్టి ఇంట్లో దీని గురించి ఆలోచించకండి. ఆలోచించలేదని పొద్దున్నే గోపాలస్వామి గారి ముందు ప్రమాణం చేస్తే సరిపోతుంది."

ఫలానా దాని గురించి ఆలోచించకూడదని పడుకున్నవాడికి అది తప్ప ఇంకేం తోస్తుంది? మొదటి రోజు పొద్దున్నే ప్రమాణం దగ్గర నిరంజనం తడబడ్డాడు.

"ఆలోచించలేదండీ. కానీ కల వచ్చింది."

"కల యెవరికి వచ్చినది?"

"నాకేనండీ."

"ఏ పక్షమునకని అడుగుచున్నాను."

"నిద్రలో కుర్చీ ఉండదు కదండీ."

గోపాలస్వామి గంట మోగించి, కలను ఉభయపక్షాల ఉమ్మడి సాక్ష్యంగా నమోదు చేశాడు.

ఆఫీసులో బతుకు ఇంకా అన్యాయంగా తయారైంది. నూకరత్నానికి ఉద్యోగధర్మం బాగా తెలుసు. నిరంజనం మాట్లాడుతున్నంతసేపూ ఏమీ అనదు. ఒక్క నిమిషం మౌనంగా ఉంటే చాలు, స్టూలు చప్పుడు చేస్తూ ముందుకు జరుగుతుంది.

"ఏటండీ సారూ, అలా గమ్మునయిపోయేరు? మాటాడుకుంటన్నారేటి ఇద్దరూ?"

"లేదమ్మా, ఊరికే కిటికీలోంచి చూస్తున్నాను."

"సూత్తే సూడండి, నోటితో సెప్పుకుంటా సూడండి. లోపల్లోపల సూత్తే నాకెలా తెలుత్తాదండీ? రేపు నన్నడుగుతారు ఆ గంటాయన."

"సముద్రం తీస్తోంది."

"ఆయ్."

"నీళ్ళు వెనక్కి వెళ్తున్నాయి."

"ఆయ్, అలా సెప్పండి. ఇప్పుడు బాగుందండి."

బాత్‌రూమ్‌కి వెళ్తే బయట నిలబడి పాట పాడమనేది. అతనికి పాటలు రావు. గుణింతాలు చదివేవాడు. భోజనం చేస్తూ నములుతున్నంతసేపు మాట ఆగుతుంది కాబట్టి, ఆ ఖాళీని ఆవిడే తన తోడికోడలి కథతో నింపేది. తోడికోడలు ఉమ్మడి గోడ మీద ఆవిడ ఆరేసిన చేపలన్నీ తనే ఎత్తుకుపోయి, నేరం పిల్లి మీద నెట్టేసిందట. నిరంజనం అలవాటు కొద్దీ, పాపం ఆవిడ వైపు నుంచి చూస్తే అన్నాడో లేదో, నూకరత్నం లేచి నిలబడింది.

"అదుగో! మళ్ళీ రెండోవోరొచ్చేత్తన్నారు. కూకోమనండి ఆయన్ని."

రోజులు గడిచేకొద్దీ అతనికి విచిత్రమైన అనుమానం ఒకటి పట్టుకుంది. ఇదివరకు లోపల ఇద్దరున్నా, మధ్యాహ్నం గంటసేపు కలిసి కూర్చుని, వాదించుకుని, రాజీ పడకుండానే స్నేహంగా విడిపోయేవాళ్ళు. ఇప్పుడు ఆ ఒక్క గంటా పోయింది. విచారణలో తప్ప ఎదురుపడే వీల్లేదు. ఎదురుపడ్డ చోట ఒకరి మాట ఇంకొకరు రికార్డులో చదువుకోవడమే. ఎవరినైనా చూడకుండా ఉంటే వాళ్ళ గురించి చెడ్డగా ఊహించుకోవడం తేలికని అతను అదివరకు ఇతరుల విషయంలో గమనించాడు. తన విషయంలో గమనించడం ఇదే మొదలు.

ఒకరోజు క్విస్టా కుర్చీలోంచి, "ఎదుటాయన వట్టి పిరికివాడండీ," అనేశాడు. లేచి పెల్మార్ కుర్చీలోకి వచ్చేసరికి ముఖం ఎర్రబడింది. "ఆ మాట వెనక్కి తీసుకోవాలి," అన్నాడు. అటు వెళ్ళి, "తీసుకోను," అన్నాడు.

హైమావతి కంగారుపడి పరిగెత్తుకొచ్చింది. గోపాలస్వామి ఇద్దరికీ రాజీ కుదర్చాలని పూనుకున్నాడు.

"నా సమక్షమున కరచాలనము చేసికొనుడు."

నిరంజనం రెండు కుర్చీల మధ్య నిలబడి కుడిచేతిని ఎడమచేతితో పట్టుకున్నాడు.

"అది నమస్కారము. నాకు పెట్టుచున్నారు. నేనడిగినది కరచాలనము."

మళ్ళీ ప్రయత్నించాడు. ఈసారి ఎడమచెయ్యి వదిలించుకుంది. ఎవరు వదిలించుకున్నారో అతనికి తెలియలేదు. "ఉభయులకు మాటలు లేవు" అని గోపాలస్వామి రాసుకున్నాడు. ఈలోగా ఆఫీసులో జనం కూడా పక్షాలు కట్టారు. తిరగని ఫ్యాను గుమస్తా పెల్మార్ కుర్చీలో ఉన్నప్పుడు మాత్రమే అతనికి టీ పంపించేవాడు. అటు మారగానే వచ్చి కప్పు తీసుకుపోయేవాడు.

ఒక సోమవారం మధ్యాహ్నం నూకరత్నం తోడికోడలి కథ రెండోసారి మొదటినుంచి అందుకుంది. తెరిచిన తలుపులోంచి ఫోన్లు, నవ్వులు, ఎవరిదో దగ్గు వినబడుతున్నాయి. నిరంజనం తన లోపలికి చెవి పెట్టి వినబోయాడు. ఏమీ వినబడలేదు. అక్కడ ఉండాల్సినవాళ్ళిద్దరూ ఒకరి మీద ఒకరు కోపంతో నోరు కుట్టేసుకున్నట్టు ఉంది. ఇంకా ఇలాగే సాగితే, రేపు విచారణ ముగిసి తలుపు వేసుకున్నా లోపల మాట్లాడుకోవడానికి ఎవరూ మిగలరనిపించింది. లినక్స్ ఏదైతేనేం, తన గంట తనకు దక్కితే చాలు.

చరచరా నడిచి విచారణ గదిలోకి వెళ్ళాడు. నూకరత్నం స్టూలు ఎత్తుకుని వెనకే వచ్చింది. హైమావతి అక్కడే కూర్చుని గోపాలస్వామితో బిస్కెట్లు తింటోంది.

"మారిపోదాం," అన్నాడు గుమ్మంలోంచే. "క్విస్టాకి మారిపోదాం. ఓడిపోయాం."

మారకుండా ఉందాం అని ఎందుకు అనలేదో అతనికీ తెలియదు. నోటికి అదే ముందొచ్చింది. గుండె బరువు దిగినట్టయింది.

హైమావతి కూడా ఊపిరి పీల్చుకుంది. "హమ్మయ్య! ఈ ఒక్క ముక్కా ఆ రోజే చెప్పుంటే ఎంత బాగుండేదండీ."

గోపాలస్వామి గంట మోగించి తీర్పు చదివాడు. క్విస్టా పక్షం గెలిచింది. పెల్మార్ పక్షం ఓడింది. అంతా లేవబోతుంటే మళ్ళీ గంట మోగింది.

"ఇంకొక లాంఛనము మిగిలినది. ఓడిన పక్షమునకు అప్పీలు చేసికొను హక్కు కలదు. అప్పీలు చేయబోమని సంతకము పెట్టినచో విచారణ ఈ క్షణముననే ముగియును, ఏకాంత నిషేధము తొలగును. పెట్టనిచో అప్పీలు తేలు వరకు నిషేధము కొనసాగును. ఓడిన వారు తమ కుర్చీలో ఆసీనులు కావలెను."

నిరంజనం ఉత్సాహంగా వెళ్ళి పెల్మార్ కుర్చీలో కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో ముడుచుకున్నాయి. ముందున్న బల్ల మీద కాగితం పెట్టారు, కలం మూత తీసి ఇచ్చారు. సంతకం పెడితే అయిపోయింది. ఇంకో నిమిషంలో గదికి వెళ్ళి గడియ వేసుకోవచ్చు.

తలెత్తి ఎదుటి కుర్చీ వైపు చూశాడు. ఖాళీ కుర్చీ. గుమ్మంలోంచి వచ్చి, 'ఓడిపోయాం' అన్నవాడు ఆ కుర్చీవాడే. వాడికి తొందర. వాడికి పాదం ఊపడం తప్ప ఏం తెలుసు? ఇన్నాళ్ళు ఇక్కడ చేతులు కట్టుకుని కూర్చున్నవాణ్ణి ఒక్క మాటైనా అడిగాడా? ఎదుటివాడి వైపు నుంచి చూద్దామని నిరంజనం ప్రయత్నించాడు. వాడి వైపు ఏమీ కనబడలేదు. తనవైపు మాత్రం ఎండలో సముద్రపు అడుగు తేలినట్టు అంతా తేటగా కనిపించింది.

"పెట్టనండీ," అన్నాడు.

"ఏమీ?"

"సంతకం పెట్టను. అప్పీలు చేస్తాను."

హైమావతి బిస్కెట్ పక్కన పెట్టేసింది. "నిరంజనం గారూ! ఓడిపోయామని మీరేగా అన్నారు?"

"వాడన్నాడు మేడమ్. నన్నడగలేదు."

"అప్పీలంటే ఎన్నాళ్ళు పడుతుందో తెలుసా? అన్నాళ్ళూ మీకు ఒంటరిగా కూర్చునే భాగ్యం ఉండదు."

"తెలుసు మేడమ్."

"కొంచెం ఆలోచించి చెప్పండి."

"ఆలోచించక్కర్లేదు మేడమ్."

ఆ మాట విని అందరికంటే ముందు అతనే ఆశ్చర్యపోయాడు. పుట్టి బుద్ధెరిగాక తడుముకోకుండా తీసుకున్న నిర్ణయం ఇదొక్కటే. వెన్ను తిన్నగా నిలబడింది. పెసరట్టు తినాలనిపించింది, ఇడ్లీ గుర్తుకు రాలేదు. గోపాలస్వామి ముఖం వికసించింది. "అప్పీలు స్వీకరించడమైనది" అని గంటను ఎన్నడూ లేనంత గట్టిగా మోగించాడు.

నూకరత్నం స్టూలు చంకన పెట్టుకుంది.

"అయితే సారూ, రేపు కూడా రమ్మంటారేటండీ?"

"రావమ్మా నూకరత్నం. కొంచెం పెందలాడే వచ్చెయ్," అన్నాడు నిరంజనం, ఖాళీ కుర్చీని కొరకొరా చూస్తూ. "నేను వెళ్ళేసరికే వాడొచ్చి కూర్చుని ఉంటాడు."